ఇంటి ఓనరు ట్రక్కు, నా నోటి దురుసు

మా ఇంటి ఓనరుకు డెబ్భై తొమ్మిదేళ్ళు. ఆయన ట్రక్కుకు యాభై దాటాయి. పొద్దున లేస్తే ఇద్దరికీ దగ్గే. జర్మనీలో, కార్ల్స్‌రూహెలో ట్రామ్ ఎక్కితే అరగంటలో వచ్చే ఊరు మాది. కింది వాటాలో ఆయన, పై వాటాలో మేము, పెరటి షెడ్డులో ఆ ట్రక్కు, ఏడేళ్ళుగా ఒకరి దగ్గు ఒకరం వింటూ బతుకుతున్నాం. ఎదురుగా ఉన్నప్పుడు ఎంత మర్యాదగా పిలిచినా, మా ఇంట్లో మాత్రం ఆయన పేరు తాత. ఇక్కడ ష్పార్గెల్ అని తెల్లటి కాడల కూర ఒకటి ఉంటుంది. వేసవి ముందు రెండు నెలలూ దానికోసం జనం ఎగబడతారు. తాత ఒకప్పుడు దాన్ని పండించి, ఆ ట్రక్కులోనే సంతకు తోలుకెళ్ళేవాడట. తరవాత పొలం అమ్మేశాడు, భార్య పోయింది, ట్రక్కు మిగిలింది. రోజూ కాఫీ కప్పు పట్టుకుని షెడ్డులోకి వెళతాడు, బోనెట్ ఎత్తుతాడు, కాసేపు చూస్తాడు, దించుతాడు. ఆ తరవాతే పేపరు ముట్టుకుంటాడు.

నా సంగతీ చెప్పుకోవాలి. మా నాన్న గుంటూరులో కార్ల మెకానిక్కు. పదో తరగతి దాకా నా సెలవలన్నీ ఆయన షెడ్డులోనే గడిచాయి. జడలో కనకాంబరాలు, చేతిలో స్పానరు. ఇప్పుడు నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో ఇతరులు చేసిన తప్పులు వెతకడం. తప్పులు పట్టినందుకు జీతమిస్తారని తెలిసిన రోజున మా ఆయన, "పాపం, పెళ్ళయిన దగ్గర్నుంచీ ఫ్రీగా చేస్తోంది" అన్నాడు. ఆయన మాటలకేం గానీ, నాకు కోపం ముక్కు మీదే ఉంటుందన్నది మాత్రం నిజం. కోపం వచ్చినప్పుడు నా నోరు ముందు పరిగెడుతుంది, బుర్ర వెనకాల తాపీగా నడిచొస్తుంది.

కిందటేడు దసరా ముందు తాతకు ఒక చిక్కొచ్చి పడింది. ఇక్కడ ప్రతి బండీ రెండేళ్ళకోసారి ఇన్‌స్పెక్షన్‌కి వెళ్ళి, పాసై, స్టిక్కరు వేయించుకోవాలి. ముందుసారి వెళ్ళినప్పుడు ట్రక్కు దారిలోనే ఆగిపోతే తాడు కట్టి లాక్కెళ్ళారట. హాంబర్గ్‌లో ఉండే ఆయన కూతురు అప్పుడే ఆయన చేత ఒట్టు వేయించుకున్నంత పని చేసింది. ఈసారి టెర్మిన్ నాటికి, అంటే ఇన్‌స్పెక్షన్ వాళ్ళిచ్చే అపాయింట్‌మెంటు నాటికి, బండి తనంతట తాను నడిచి వెళ్ళకపోతే తుక్కుకి ఇచ్చెయ్యాలి. ఆ అమ్మాయి చెడ్డదేమీ కాదు. ఈ వయసులో తండ్రి ఒంటరిగా ఏ రోడ్డు మీద చిక్కుకుపోతాడోనని ఆమె భయం. టెర్మిన్ సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి దొరికింది. తాత నాకు మెట్ల మీద ఎదురై ఇదంతా చెప్పి, "అదీ పోతే, పొద్దున్నే లేచి నేను ఎక్కడికి వెళ్ళాలి?" అని అడిగాడు. ఆయన నవ్వుతూనే అడిగాడు, నాకు మాత్రం నవ్వు రాలేదు. "ఆదివారానికల్లా గుర్రంలా పరిగెత్తిస్తాను, చూడండి" అని మాట ఇచ్చేశాను.

శనివారం మధ్యాహ్నం ఇద్దరం పనిలోకి దిగాం. పాత పెట్రోలు బండి కష్టాలు సగం నిప్పురవ్వ దగ్గరే ఉంటాయి. ఆ రవ్వను పుట్టించేవి పాయింట్లు. ఏ సిలిండరుకు ఎప్పుడు అందాలో చూసి పంచిపెట్టేది డిస్ట్రిబ్యూటరు. మోసుకెళ్ళేవి నాలుగు నల్ల వైర్లు, వెలిగించేవి నాలుగు ప్లగ్గులు. అన్నీ కొత్తవి వేశాం. ప్లగ్గులు నేను బిగించాను. వైర్లు కూడా నేనే, పాతవి ఎలా ఉన్నాయో చూసుకుంటూ, ఒకటి తీసి ఒకటి పెడుతూ మార్చాను. పాయింట్లను మాత్రం తాత నన్ను ముట్టుకోనివ్వలేదు. వాటి మధ్య గోరు మందమంత ఎడం ఉండాలి. మా నాన్న అయితే పెళ్ళి శుభలేఖ అట్ట ముక్క దూర్చి చూసేవాడు. తాత దగ్గర అందుకోసమే సన్న రేకుల గేజి ఒకటుంది. నేను టార్చి పట్టుకున్నాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ముక్కు ఇంజనుకు ఆనేంత కిందికి వంగి, పావుగంట సేపు ఆ ఎడం సరిచేశాడు. "నేను పెట్టనా?" అని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ "నైన్", వద్దంటే వద్దన్నాడు. అప్పటికే చీకటి పడింది. బ్యాటరీని చార్జింగ్‌కి పెట్టి, పొద్దున స్టార్ట్ చేద్దామని పైకొచ్చేశాను.

ఇక మా అత్తయ్య. ఆవిడ తెనాలి నుంచి మూడు నెలల వీసా మీద వచ్చి మా దగ్గర ఉంది. వచ్చిన రెండో వారానికే మా వంటింట్లో డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం, అలమరలో దుప్పట్లన్నీ రంగుల ప్రకారం సర్దేసింది. ఇంకేం సర్దాలో తోచక దిగులుగా తిరుగుతోంది. ఆ ఆదివారమే దసరా వచ్చింది. "బండి లేని ఇంట్లో దసరా ఏంటే అమ్మాయ్? నేను దేనికి బొట్టు పెట్టను?" అని వారం రోజులుగా ఒకటే గొడవ. మాకు కారు లేదు, ఇంటిల్లిపాదికీ ట్రామ్ పాసులే.

"ట్రామ్‌కి పెట్టమ్మా, డ్రైవరు కూడా దిగొచ్చి ప్రసాదం పట్టుకెళతాడు" అన్నాడు మా ఆయన.

"నువ్వు నోరు ముయ్యరా. కింద అంత పెద్ద బండి పెట్టుకుని!" అంది ఆవిడ.

అలా ఆవిడ చూపు ట్రక్కు మీద పడింది. తాతను అడిగితే సంతోషంగా ఒప్పుకున్నాడు. నేనూ పొద్దున ఆవిడతోపాటు కిందికి వెళదామనుకున్నాను గానీ, "గారెలకి పప్పు ఎవరు రుబ్బుతారు? బండి సంగతి నాకొదిలెయ్. శుభ్రంగా తుడిచి బొట్లు పెట్టేస్తా" అంది. నాకూ బద్ధకంగానే ఉంది, వదిలేశాను.

పదింటికి నేను పెరట్లోకి దిగేసరికి ట్రక్కు పెళ్ళికూతురై కూర్చుంది. హెడ్‌లైట్లకు గంధం, అద్దం మీద పసుపుతో ఓంకారం, స్టీరింగుకు బంతిపూల దండ. ఎత్తి ఉన్న బోనెట్ కింద ఇంజనులో ఏ డబ్బానూ, ఏ గొట్టాన్నీ, ఏ వైరునూ వదలకుండా పసుపూ కుంకుమా. తాత దగ్గరికొచ్చి పసుపును వేలితో తాకి, "ఇది తుప్పు పట్టకుండానా?" అని అడిగాడు. "ఏదీ పట్టకుండా" అని చెప్పాను. అత్తయ్య ఆయన నుదుటన కూడా ఒక బొట్టు పెట్టేసి, కొబ్బరికాయను పెరటి బండరాళ్ళ మీద ఠపీమని కొట్టింది. ఈ దేశంలో ఆదివారం నాడు గోడకు మేకు కొట్టినా మహాపాపం. పెరటికి ఎదురింటావిడ కిటికీ తెరుచుకుంది. మేం ఆవిడకు చేతులూపాం. అత్తయ్య చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, "ఊఁ, ఇక పోనీవే" అంది.

తాళం తిప్పాను. ఇంజను కుర్రు కుర్రుమంటూ తిరిగింది, అంటుకోలేదు. మళ్ళీ తిప్పాను. ఒక్కసారి దగ్గింది. అబ్బ, వస్తోందిరా అనుకునేలోపు కార్బురేటర్‌లోంచి ఫట్టున పేలింది. షెడ్డు మీది పావురాలన్నీ లేచి ఎగిరిపోయాయి. అత్తయ్య "దుర్గమ్మ తల్లీ!" అని నా భుజం పట్టుకుంది. ఎదురింటావిడ రెండో కిటికీ కూడా తెరిచింది.

అక్కడ మొదలైంది నా వైద్యం. పెట్రోలు వస్తోందా? గొట్టం విప్పి చూశాను, వస్తోంది. గాలి? ఫిల్టరు తీసి చూశాను, బానే ఉంది. నిప్పురవ్వ? ప్లగ్గులు ఒక్కొక్కటే విప్పి, ఇంజనుకు ఆనించి, తాత చేత తాళం తిప్పించాను. నాలుగు ప్లగ్గుల్లోనూ నీలంగా, టకటకా, చూడముచ్చటగా రవ్వ వచ్చింది. ప్లగ్గులదాకా రవ్వ వస్తోందంటే వైర్లు బాగున్నట్టేగా! అసలు వాటిని పెట్టిందే నేను, అనుమానించే ప్రశ్న ఎక్కడిది? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఊరికే అన్నారా.

మా ఆయన బాల్కనీలోంచి తొంగిచూసి, "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేసి చూశావా?" అన్నాడు. ఆయనదీ సాఫ్ట్‌వేరే.

"నోట్లో గారె పెట్టుకుని లోపలికెళ్ళండి!" అని అరిచాను.

"గారెలు ఇంకా వెయ్యలేదుగా."

"అయితే వెయ్యండి!"

పన్నెండయింది, ఒంటిగంట దాటింది. ఫట్టుమన్నప్పుడల్లా ఎదురింటావిడ తన గోడ గడియారం వంక చూసుకుంటోంది. బ్యాటరీ నీరసించి పోతోంది. చేతుల నిండా మసి, మోచేతికి గీత, కడుపులో ఆకలి. అత్తయ్య చేసేది లేక పైకి వెళ్ళిపోయింది. తాత మాత్రం పక్కనే నుంచుని, నేను అడిగిన స్పానరు తడుముకుంటూ వెతికి అందిస్తున్నాడు. పన్నెండు అడిగితే పదమూడు ఇచ్చాడు. మళ్ళీ అడిగితే పదకొండు ఇచ్చాడు. నా కోపం అక్కడ అంటుకుంది.

పెట్రోలు సరే, రవ్వ సరే, వైర్లు నావి కనక సరే. ఇక మిగిలినవి పాయింట్లు. అవి పెట్టింది ఆయన.

"పాయింట్ల ఎడం తప్పయి ఉంటుంది" అన్నాను.

"లేదు. అది సరిగ్గానే ఉంది" అన్నాడు.

ఈ భాషలో నాకు మర్యాద మాటలు వెతికితే గాని దొరకవు, కోపం మాటలు మాత్రం గడగడా వచ్చేస్తాయి. "కనపడకపోతే కనపడట్లేదని చెప్పొచ్చు కదా! నేను పెడతానని మూడుసార్లు అడిగాను. పన్నెండుకీ పదమూడుకీ తేడా తెలియని కళ్ళతో పాయింట్లు పెడతారా? మీ కళ్ళ వల్లే బండి పోతోంది!" అనేశాను.

తాత కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. జేబులోంచి రేకుల గేజి తీసి, దాన్నీ తుడిచి, నా అరచేతిలో పెట్టాడు. "కావచ్చు" అని, ద్వారబంధం తడుముకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన నుదుటన కుంకుమ చెదిరి ఉంది.

ఆయన వంటింటి కిటికీ పెరటిలోకే. తెరిచి ఉంది. ఫోనులో కూతురితో మాట్లాడుతున్నాడు. "రేపు ఎనిమిదింటికి ఆ తుక్కు బండివాణ్ణి పంపించు... కాదు, ఇంజను మంచిదే. నేనే చెడగొట్టాను."

నేను గేజి పట్టుకుని నిలబడిపోయాను. తరవాత ఏం చెయ్యాలో తోచక, డిస్ట్రిబ్యూటరు మూత తీసి, ఇంజను ముందున్న ఫ్యాను చేత్తో తిప్పి, పాయింట్ల మధ్య రేకు పెట్టి లాగాను. ఎంత బిగువుగా రావాలో అంతే బిగువుగా వచ్చింది. ఎక్కువా లేదు, తక్కువా లేదు. మా నాన్న పెట్టినా అంత సరిగ్గా రాదు. నాకు సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి. ఆడలేక మద్దెల ఓడన్నానే తప్ప బండికి ఏమైందో అప్పటికీ నాకు తెలియదు.

పైకి వెళ్ళాను. అత్తయ్య పళ్ళెంలో గారెలు పెట్టి, నా మొహం చూసి ఆగింది.

"ఏంటే, ఇంకా లేవలేదా అది?"

"లేదత్తయ్యా."

"అంత శుభ్రంగా సర్దిపెట్టా కదే! ఇంకా దానికేం రోగం?"

గారె నోటిదాకా వెళ్ళి ఆగింది. "సర్దారా? ఏం సర్దారు?"

"అదేనే, ఆ నల్ల తాళ్ళు నాలుగూ ఒకదాని మీద ఒకటి పడి చిక్కుజడలా ఉన్నాయి. తుడుద్దామని పట్టుకుంటే పై కొస ఒకటి ఊడొచ్చింది. ఎలాగూ ఊడింది కదా అని నాలుగిటి కొసలూ తీసి, తుడిచి, బొట్టు పెట్టి, మళ్ళీ వరసగా గుచ్చా. ఇప్పుడు ఒకదాన్నొకటి తొక్కుకోవట్లేదు. చూళ్ళేదా, ఎంత ముచ్చటగా ఉందో!"

చూశాను. మూడు నాలుగు గంటలసేపు వాటి ముందే నిలబడ్డాను. బొట్లు చూశాను, వైర్లు చూడలేదు. ఇంజనులో నాలుగు సిలిండర్లూ ఒకటి, రెండు, మూడు, నాలుగు అని బడిపిల్లల్లా వరసగా మండవు. ఒకటి తరవాత మూడు, దాని తరవాత నాలుగు, చివరికి రెండు. అందుకే ఆ వైర్లు ఒకదాన్నొకటి దాటుకుంటూనే వెళ్ళాలి. మా అత్తయ్య వాటిని క్రమశిక్షణలో పెట్టేసింది. రవ్వ నాలుగిటికీ వెళుతోంది, కానీ మూడిటికి వేళకాని వేళ వెళుతోంది. మరి పేలదా! ఈ ముక్క నాకు తొమ్మిదో ఏటే మా నాన్న చెప్పాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను, వెతకడమే ఉద్యోగమైన దాన్ని.

విషయం చెప్పగానే అత్తయ్య రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "అయ్యో, నా చేతులు పడిపోను! మరి ఆ పెద్దాయన్ని ఏమీ అనలేదు కదా నువ్వు?"

"అన్నాను."

"ఏమన్నావ్?"

చెప్పాను.  "వయసు మళ్ళిన మనిషిని పట్టుకుని కళ్ళు లేవంటారటే ఎవరైనా? పద, పద ముందు" అని గారెల పళ్ళెం పట్టుకుని లేచింది.

కిందికి పరిగెత్తాను. మూడు వైర్ల కొసలు పీకి, వాటి వాటి చోట్ల పెట్టాను. రెండు నిమిషాల పని. చార్జరు బ్యాటరీకి తగిలించి, పది నిమిషాలు ఆగి తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే ట్రక్కు గర్జించి లేచింది. గేరు వేసి క్లచ్చు వదిలేసరికి నాలుగు నిమ్మకాయలూ పచక్కుమన్నాయి. మా ఆయన బాల్కనీలోంచి ఈల వేశాడు.

తాత ఇంటి చెప్పులతోనే బయటికొచ్చాడు. వచ్చి ట్రక్కును కాదు, నన్ను చూశాడు.

"నా కళ్ళు కాదా?"

"మీ కళ్ళు కాదు. మా అత్తయ్య చేతులు, నా నోరు" అన్నాను. "మీరు పెట్టిన ఎడం సరిగ్గానే ఉంది, గేజి పెట్టి చూశాను. నేను అనకూడని మాట అన్నాను. నన్ను క్షమించండి." చెబుతుంటే ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

జరిగింది వివరించాను. తాత నవ్వడం మొదలుపెట్టి, నవ్వు దగ్గులోకి దిగి, ట్రక్కుకు ఆనుకుని నిలబడ్డాడు. అత్తయ్య పళ్ళెం ముందుకు చాపి, "తప్పయిపోయింది అన్నయ్యగారూ, నాకు తెలియక సర్దాను" అని తెలుగులో చెప్పింది. ఆయన గారె తీసుకుని, ఆ వైర్లు పుట్టి బుద్ధెరిగాక అంత అందంగా ఎప్పుడూ లేవని జర్మన్‌లో చెప్పాడు. ఇద్దరూ ఒకరి మాట ఒకరికి అర్థమైనట్టే తల ఊపుకున్నారు.

అత్తయ్య పైకి వెళ్ళాక తాత ఇంజను ఆపించాడు. 

"పాయింట్లు నేను చూసి పెట్టలేదు" అన్నాడు. "చేత్తో పెట్టాను. రేకు ఎంత బిగువుగా రావాలో వేళ్ళకు తెలుసు. కుడి కన్ను ఏడాదిగా మసక. ఈ వేసవి నుంచి ఎడమది కూడా. కళ్ళ గురించి నువ్వన్నది నిజమే. చేతుల గురించి అన్నదే తప్పు."

"మీ అమ్మాయికి తెలుసా?"

తల అడ్డంగా ఊపాడు. "ట్రక్కు తీసేయమని రెండేళ్ళుగా అంటోంది. ఇది కూడా తెలిస్తే ఇంకేం ఉంచనిస్తుంది?"

 నేను రేకుల గేజి తిరిగి ఆయన చేతిలో పెట్టాను. ఆయన కూతురికి ఫోన్ చేసి, తుక్కు బండి వద్దు, ట్రక్కు లేచింది అని మాత్రం చెప్పి పెట్టేశాడు. తరవాత తాళంచెవి నా చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయాడు.

సోమవారం నేనే నడిపాను. ఆఫీసుకు సెలవు పెట్టాను. తాత పక్క సీట్లో బెల్టు పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. "ఇప్పుడు మూడో గేరు... ఇప్పుడు కాదు... ఆఁ, ఇప్పుడు" అని చెవులతోనే నాకు డ్రైవింగ్ నేర్పాడు. రోడ్డు మీద కార్లవాళ్ళు బంతిపూలు చూసి హారన్లు కొట్టారు. ఇన్‌స్పెక్షన్ చేసే కుర్రాడు బ్రేకులు చూశాడు, లైట్లు చూశాడు, హెడ్‌లైటు మీది గంధాన్ని గోటితో గీకి చూసి ఏమీ అడగలేదు. పదిన్నరకి స్టిక్కరు అంటించాడు. తాత దాన్ని వేలితో తడిమి, అంచులు సరిగ్గా అంటుకున్నాయో లేదో చూసుకున్నాడు. నేను గెలిచినంత సంతోషంగా గెంతాను.

ఆయన ఫోన్ తీసి, కూతురి నంబరు నన్ను నొక్కమని, గోడ పక్కకి వెళ్ళి నిలబడ్డాడు.

"పాసైంది" అన్నాడు. అవతల ఆమె సంతోషంగా ఏదో అంటోంది, గొంతు నాదాకా వినిపించింది. ఆయన ఆమెను పూర్తిగా మాట్లాడనిచ్చాడు. తరవాత, "ఇంకొకటుంది" అన్నాడు. "నడిపింది నేను కాదు. నాకు కనపడట్లేదు. కళ్ళ డాక్టరు దగ్గర నాకొక టెర్మిన్ తీసుకుంటావా?"

 తాత ఫోన్ చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుని, చాలాసేపు "యా... యా..." అంటూ నిలబడ్డాడు. ఒక చేత్తో కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. నేను ట్రక్కెక్కి కూర్చున్నాను. ఆయన మాట్లాడటం అయ్యేదాకా ఇంజను స్టార్ట్ చెయ్యలేదు.